ఎడమ తలుపు పిడి

పొద్దు పొడవకముందే పోవాలె అంగడికి.
ఎండ పడ్డదంటే ఇనుమంతా ఒక్కతీరుగనే మెరుస్తది,
ఏది అసలు, ఏది అతుకు, కన్ను చెప్పలేదు.
అందుకే టార్చిలైటు, గోనెసంచి, జేబుల అయస్కాంతం.
మండిబజారు వెనక గల్లీల
ఇరవై ఆరేండ్ల ఆదివారాలు నాకు గిట్లనే తెల్లారినయి.

అప్పుడు సర్వర్ మియా పరిచిన పట్టా మీద
ఒక కారు మొత్తం పండుకొని ఉండేది,
కాకపోతే ఏ ముక్కా పక్క ముక్కను ఎరుగదు.
లాంబ్రెటా కిక్కురాడు, జీపు మీటరు,
బొగ్గుబాయి లారీ నుంచి ఊడొచ్చిన హారను.
నేను పేరు చెప్పేటోణ్ణి కాదు.
రెండు వేళ్ల నడుమ ఇంత సందు పెట్టి చూపిస్తే
ఆయన కండ్లు మూసుకొని సంచిల చెయ్యి పెట్టెటోడు.
లేకుంటే చాయ్ తాపి పంపెటోడు:
"పుర్జానే నిన్ను దేవులాడుకుంట వస్తది ఉస్తాద్, ఊకె తిరగకు."

నా షెడ్డుల అరవై రెండు మోడల్ ఫియట్ ఒకటి.
కాంపౌండర్ విఠోబా బాకీ కట్టలేక వదిలిపెట్టిన బండి.
ముందు తలుపులు ఎదురు తిరిగి తెరుచుకుంటయి,
చుట్టమొస్తే చేతులు చాపినట్టు.
తొమ్మిదేండ్లకు అన్నీ కూడినయి.
దీపాల అద్దాలు జగిత్యాలల,
కార్బొరేటరు కొడకండ్లల, ఒక సైకిలు షాపు అటుకు మీద.
ఎడమ ముందు తలుపు పిడి ఒక్కటే లేదు.
ఆడ నైలాను తాడు కట్టిన.
"బర్రెకు ముక్కుతాడు లెక్కున్నది" అని ఓదేలు నవ్వుతడు.

ఇప్పుడు అంగడికి నాకన్న ముందే వాన్ వస్తది.
కాటా మీద తూకం, కిలోకు ఇంత.
ఏ సాలుది, ఎవరి చేతి చెమట తాగింది, అడిగేదేం లేదు,
తెల్లారేసరికి కొలిమి దారి.
మిగిలిన జాగల ఫోను కవర్లు.
మియా కొడుకు జునైద్ గ్రూపుల ఫోటో పెడతడు,
నేను కండ్లద్దాలు తుడుచుకునే లోపల
పుణెల ఎవడో 'డన్' అంటడు.
ఫోటోను ఎట్ల తూచాలె?
గోటితో గీకితే ఇత్తడి బయటపడుతదా?
ఓసారి పైసలు పంపిన. డబ్బా వచ్చింది.
లోపల కొత్త పిడి,
పాతగ కనపడాలని ఆసిడ్ల ముంచిన కొత్త పిడి,
ముసలి వేషం కట్టిన పోరడు.
మూడో గుంజుకే విరిగి చేతికొచ్చింది.

పోయిన శ్రావణంల మా మేనకోడలు
హన్మకొండల ఒక కాఫీ హోటలుకు తీస్కపోయింది.
గోడకు స్టీరింగులు. హెడ్‌లైటు గిన్నెలల్ల మొక్కలు.
నేనింకా లోపలికే పోలే,
తలుపు గుంజినప్పుడే చెయ్యి ఆగింది.
చల్లగ, బరువుగ, వేళ్ల కింద ఆ చిన్న ఒంపు.
కన్నుకన్న ముందు అరచేతికి తెలిసింది.
తెరిచిన. మూసిన. మళ్ల తెరిచిన.
లోపలున్నోళ్లు ఎండకు మొఖాలు చిట్లించిండ్రు.
ఒంగి తాళపుచెవి బొక్క చూసిన.

కుడి దిక్కుది.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక
నూట ఎనభై రూపాయల కాఫీ తాగిన.
"అది అమ్మం అంకుల్, డెకరేషన్" అన్నడు కౌంటరు పోరడు.
"నేను అడగలే బిడ్డా.
నెలకోసారి మిషను నూనె రెండు సుక్కలు పొయ్యి.
లోపల స్ప్రింగు ఇంకా బతికే ఉన్నది."

ఆదివారం మళ్ల అంగడి.
సర్వర్ మియా కండ్లకు పొరలు కమ్మినయి,
కొడుకు కవర్ల పక్కన స్టూలేసుకొని కూసుంటడు.
పెద్దమనిషిని చూసి వాన్‌వాడు ఐదు నిమిషాలు ఆగుతడు.
కాటాకెక్కే కుప్పల నుంచి
ఒక్కొక్కటి తీసి నేను ఆయన అరచేతుల పెడత.
"ఇది?"
"అంబాసిడరు వైపరు."
"ఇది?"
"ఏదో మంచం బోల్టు, పారెయ్యి."
"ఇది?"
ఆయన వేళ్లు కాసేపు ఏం మాట్లాడలే.
వెనక వాన్‌వాడు హారను కొడుతున్నడు.