రాయి మోగే తీరు

మా అమ్మ గనిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు.
గని కక్కిన రాళ్ళ గుట్ట మీద
ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుంది.
మూడు కిలోల సుత్తె, మోకాళ్ళ మీద గోనెపట్టా,
ఎడమ బుగ్గలో కోకా ఆకు.
కొట్టడం, చెవి దగ్గర పెట్టుకోవడం,
ఉంచుకోవడం, లేదా విసిరెయ్యడం.
తగరం ఉన్న రాయి మూలుగుతుందట,
లేని రాయి వాగుతుందట.
మా కొండల్లో ఆ పని చేసేవాళ్ళని పల్యిరీలంటారు.
గుట్ట మీద అందరూ ఆడవాళ్ళే, లోపల అందరూ మగవాళ్ళే.
ఆడది లోపలికొస్తే
తగరం అలిగి ఇంకా లోతుకు పోతుందని
తాతల నాటి మాట.

ఒరూరోలో మైనింగ్ ఇంజనీరింగ్‌కి దరఖాస్తు ఇస్తే
గుమస్తా తల ఎత్తకుండానే
"నర్సింగ్ పక్క కిటికీ, అమ్మా" అన్నాడు.
మర్యాదగానే అన్నాడు.
నలభై నాలుగు మందిలో మేం ముగ్గురం.
ఆ భవనంలో మాకు మరుగుదొడ్డి లేదు.
ల్యాబు వెనక ఒకటుంది, తాళంచెవి డోన్ అనిసెతో జేబులో.
అడిగిన ప్రతిసారీ ఎందుకని అడిగేవాడు.
అడగలేక నీళ్ళు తాగడం మానేసి
సెనోబియా కిడ్నీలో రాయి తెచ్చుకుంది.
"నా సొంత గని" అని నవ్వేది.
మూడో ఏడు ఆమె రాలేదు.
ఎక్కడో ఉన్ని దారాల కొట్టు పెట్టిందని విన్నాను.
ఆమె నోట్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.
బరువు ఎటు దిగుతుందో, పగులు ఎటు పాకుతుందో
నాకన్నా ఎంత నేర్పుగా గీసిందో!

కాలిక్యులస్ రెండుసార్లు తప్పాను.
మూడో పరీక్షకు ముందు రాత్రి కరెంటు పోయింది.
బస్సు దిగి వచ్చిన అమ్మ
మామయ్య పాత కార్బైడ్ దీపం వెలిగించి
వెల్లుల్లి వాసన పొగలో
నా పుస్తకం మీద పట్టుకుంది.
చదవడం రాని కళ్ళు ఒక చోట ఆగాయి.
"ఈ పొడుగాటి వంకర గీత ఏంటే?"
చిన్న చిన్న ముక్కలన్నీ కూడబెట్టడం, అమ్మా.
"ఓసి, నా పనే" అంది.

లోపలికి దిగిన మొదటి రోజు
స్టోర్లో నా కాలికి సరిపడే బూట్లు లేవు.
నలభై ఒకటో సైజులో వార్తాపత్రిక కుక్కుకున్నాను.
హెల్మెట్‌లో పట్టని రెండు జడలూ
చొక్కాలోకి తోసుకున్నాను.
గని దెయ్యం తీయో విగ్రహం దగ్గర అందరూ ఆగారు.
మట్టి కొమ్ములు, నోట్లో ఆరిన సిగరెట్టు.
ఎవరూ నా వైపు చూడలేదు.
ముసలి మేస్త్రీ డోన్ కాసియానో
ఆకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి
"ఇక తగరం పోయినట్టే" అన్నాడు, దెయ్యంతో.
నేనూ ఒక సిగరెట్టు వెలిగించి దాని నోట్లో పెట్టాను.
సిలబస్‌లో లేదు. అయినా పెట్టాను.

మూడో మట్టంలో
ఇనుపకడ్డీతో పైకప్పు తట్టుకుంటూ నడిచాను.
ఖంగు. ఖంగు. ఖంగు.
డొబ్బు.
పుస్తకంలో దీనికో సూత్రముంది,
అది తర్వాత గుర్తొచ్చింది.
ముందు గుర్తొచ్చింది గుట్ట మీద అమ్మ, ఆ వంచిన మెడ.
"బయటికి నడవండి" అన్నాను, గొంతు వణికింది.
గొణుక్కుంటూనే నడిచారు.
గంట చూశాం. ఏమీ రాలలేదు.
మర్నాడూ రాలలేదు.
రెండు ఆనుదుంగలు నిలబెట్టించాను,
ఖర్చు నా జీతంలో కోస్తారేమోనని లెక్కేసుకుంటూ.
వాటికి "సెన్యోరిత కాళ్ళు" అని పేరు పెట్టారు.
ఆర్నెల్లయింది, కప్పు పడలేదు.
పడని కప్పుకి ఎవరు దండం పెడతారు?
ఆ దుంగలకి మేకులు కొట్టి
కోట్లూ, ఉడికిన బంగాళాదుంపల మూటలూ తగిలిస్తున్నారు.
మొదటి మేకు డోన్ కాసియానోదే.

మొన్న ఆదివారం
ఆ మట్టం నుంచి ఒక రాయి తెచ్చి
అమ్మ చేతిలో పెట్టాను.
కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను.
సుత్తె తీసి ఒక్కటిచ్చింది.
చెవి దగ్గర పెట్టుకుంది, చాలాసేపు.
"సరుకు లేదే దీంట్లో" అని
వెనక్కి చూడకుండా గుట్ట మీదికి విసిరేసి,
గోనెపట్టా దులుపుకుని అంది:
"ఇంకొంచెం లోతుకు పో."