ఆదివారం హాజరు

నాలుగున్నర అలారాన్ని
మోగకముందే నొక్కేస్తాను.
హిమజ కాలు నా పొట్ట మీద ఉంటుంది.
నిద్ర చెడకుండా దాన్ని దిండు మీదికి మార్చడం
ఉదయగిరి కొండకన్నా ముందు
నేనెక్కాల్సిన ఎత్తు.

వరండాలో మా అత్త మేలుకునే ఉంటుంది.
"కొండ మీద ఎవురన్నా బాకీ ఉండారా అబ్బయ్యా నీకు?"
బూట్లు చేత్తో పట్టుకుని నవ్వుతాను.
అవి నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నవి.
ఇంట్లో చెప్పిన ధరకీ అసలు ధరకీ మధ్య
ఒక నెల పాల బిల్లుంది.

"వారమంతా కరెంటు స్తంభాలెక్కేవాడివి,
ఆదివారం కూడా ఎక్కుడేందిరా"
అంటాడు ఆఫీసు జీపు మస్తాను.
స్తంభం పైన తీగుంటుంది,
తీగ చివర ఎవరిదో ఫ్యాను, ఎవరిదో మోటారు, ఎవరిదో తిట్టు.
కొండ పైన గాలి ఉంటుంది,
దానికి మీటరు లేదు.

చెక్క గరిటెలు చేసే వీధి దాటేదాకా నడకే.
గుమ్మాల ముందు నర్ది చెక్క పొట్టు వాసన.
నాకు తెలిసిన కుక్కలు మూడు,
తెలియంది ఒకటి.
మేకల దోవ మొదలైన చోట పరుగు.
నెత్తికి కట్టుకున్న లైటు
నాకన్నా రెండు రాళ్ళు ముందు దూకుతుంది.
కలివి పొదలు చొక్కా పట్టుకుంటాయి.
కముజు పిట్టలు కాళ్ళ కిందనుంచి గుప్పున లేస్తాయి.
కోట గోడ కూలిన చోట
మోకాలు గుర్తు చేస్తుంది, నాకు నలభై రెండని.

ఏడుంబావుకల్లా దిగాలి.
ఏడుముప్పావుకి ఆత్మకూరు బస్సు.
అందులో సుజని,
ఆసుపత్రిలో పన్నెండు గంటల రాత్రి డ్యూటీ దిగి.
బస్టాండుకి బండి తీసుకుపోవడం
పెళ్ళినాటి ప్రమాణాల్లో లేదు గానీ
వాటన్నిటికన్నా గట్టిది.

గోడ క్యాలెండరు మీద హిమజ గళ్ళు గీసింది.
నాన్న వచ్చిన టైము, ఎన్ని కిలోమీటర్లు,
ఎర్ర పెన్నుతో 'లేటు'.
ఆషాఢంలో మూడు లేట్లు.
మూడోదానికి సంతకం పెట్టించుకుంది.

మొన్న శనివారం సాయంత్రం
సుజని వాచీలో సెల్లు అయిపోయిందని
నాది పెట్టుకుపోయింది.
నేను ఆకాశాన్ని నమ్మి పోయాను.
మబ్బు పట్టిన ఆకాశం టైము చెప్పదు.
ఎప్పుడూ వెనక్కి తిరిగే గుండు దగ్గర
ఆరోజు తిరగలేదు,
ఆ పై మలుపు ఎట్టుంటుందో చూద్దామని.
ఇంకో మలుపుంది, అంతే.

బస్టాండులో టీ బంకు బల్ల మీద
ఇరవై ఐదు నిమిషాలు కూర్చుందంట.
తిడుతుందనుకున్నాను.
మణికట్టు చాపింది.
"ఇదేంది, రాత్రి రెండింటికి బుర్రుమనింది?
రెండు కాన్పులు ఒకేసారి,
రక్తం కోసం కిందికీ పైకీ లగెత్తుతుండా.
అభినందనలంట! ఎవురు చెప్పినట్టు నాకు?"

చూశాను.
పధ్నాలుగు కిలోమీటర్ల రెండొందల మీటర్లు.
నా కొండ, పోనూ రానూ, పదకొండు.
ఆమె దోవలో గాలి లేదు, కముజులు లేవు,
ఫినాయిలుతో కడిగిన గచ్చు,
మెట్లు.

"బిడ్డలు?"
"బాగుండారు. పోనీ బండి."

చెమట చొక్కాకే తల ఆనించి
రెండో స్పీడు బ్రేకరుకల్లా నిద్రపోయింది.
ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ ఇంటికి రాలేదు.

హిమజ గుమ్మంలోనే ఉంది, పెన్ను పట్టుకుని.
'లేటు' రాసింది.
అమ్మ చేతి వాచీ విప్పి, నొక్కి నొక్కి చూసి,
ఆదివారం గడిలో పధ్నాలుగు పాయింటు రెండు వేసింది.
పక్కనే చిన్నగా 'అమ్మ'.
మరి నాది? అన్నాను.
"నువ్వు వాచీ లేకుండా పోయావు గదా నాన్నా,
లెక్కలోకి రాదు."

మా అత్త ఉప్పేసిన వేడినీళ్ళ టబ్బు తెచ్చి పెట్టింది
కూతురి పాదాల కోసం.
నావీ పెట్టాను, ఒక పక్కగా.
సుజని కళ్ళు తెరవకుండానే
కొంచెం జరిగింది.