రిమార్కుల గడి

జిల్లా మారిందని
నేలపట్టు బోర్డు మీద నెల్లూరు చెరిపి
తిరుపతి అని రాసిపోయారు పెయింటర్లు.
గూడబాతులు మాత్రం
పాత అడ్రసుకే వచ్చి దిగాయి.

చెంగయ్యకు మూడు నెలల జీతం రావాలి.
అయినా తెల్లారకముందే
పంచె ఎగ్గట్టి గట్టెక్కుతాడు,
నడుందాకా నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద
గూళ్లు లెక్కేస్తాడు వేలి కణుపులతో.

ఆఫీసులో రిజిస్టరు రాసేది నేను.
గూళ్లు: నాలుగు వందల పన్నెండు.
పిల్లలు: లెక్క తేలలేదు.
"మరి రిమార్కులు?"

తల గోక్కుంటాడు.
"రాత్రి గాలికి ఒక పిల్ల జారిపడింది సార్.
బురదలో దిగి ఎత్తుకోని మళ్లా గూట్లో పెట్టా.
తల్లి నన్నే పొడిచింది"
మోచేతి గాయం చూపిస్తాడు,
జీతం రసీదు చూపించినట్టు.

మొన్న దీపావళికి ఊళ్లో ఒక్క టపాకాయ పేలలేదు.
దానికి జీవో లేదు,
ఫైల్లోకి ఎక్కే మాటా కాదు.

గడి చిన్నది చెంగయ్యా, అని
"ఏమీ లేవు" రాసి
సంతకం పెట్టాను.

సాయంత్రం గట్టు మీదుగా ఇంటికొస్తే
చొక్కా భుజాన తెల్లటి రెట్ట.
కడగబోయి ఆగాను.
పైనుంచి వచ్చిన రిమార్కు కదా.