పురి

బీపీ పట్టీ బిగించి
"రిలాక్స్ అవ్వండి వీరవేణి గారూ" అంది నర్సు.
"అంటే ఏంటండీ?"
కాసేపు వెతుక్కుంది.
"వదులుగా ఉండండి."

వదులా!
ముప్పై ఏళ్లుగా అంబాజీపేటలో
కొబ్బరి పీచుకి పురెక్కిస్తున్నాను.
వదులు తాడైతే
షావుకారు మొహాన కొడతాడు.

మా అల్లుడికి తెలుసా మాట.
ఆటో వాయిదా అడగొచ్చిన వాళ్లతో
"రిలాక్స్ బ్రదర్" అంటాడు.
వాళ్లు ఇంకా బిగుసుకుంటారు.

పొద్దుగూకి రాట్నం ఆపాక
కొస జారింది చేతిలోంచి.
గిర్రున తిరిగింది, తనంతట తనే,
ఎన్ని చుట్లో.
మళ్లీ పీచైపోయి ఊరుకుంది.

ఓహో, ఇదా.

కాలవలో చేతులు ముంచాను.
నీళ్లు చల్లగా ఉన్నాయి.
వేళ్లు మాత్రం
ఇంకా పేనుతూనే ఉన్నాయి,
లేని పీచుని.