రెండు బిందెలు

మే నెలాఖరు.
కర్నూలు మిద్దెల మీద గాలి కూడా బొబ్బలెక్కింది.
మబ్బు తునక లేదు.
నేను బిందెతో సెల్లారు మెట్లు దిగుతున్నాను.

"కుళాయి కాడ మేం కొట్లాడి సస్తాంటే
నువ్వు గుంతలో పోస్తాండావా మౌలాలీ?"
పై వాటా సుంకులమ్మ.
"మాబున్ని బట్టలు పిండిన నీళ్లులే అక్కా" అన్నాను.
సగం నిజం.

కింద దూది.
బేళ్లు, కుట్టిన పరుపులు,
పెండ్లివాళ్లు బయానా ఇచ్చిపోయిన జోడు పరుపు.
దూదికి నీళ్లంటే ఆశ ఎక్కువ.
అంచు తడిస్తే చాలు, తెల్లారేసరికి నడిమి దాకా తాగేస్తుంది.

రెండువేల తొమ్మిది అక్టోబరులో చూశాను.
మా నాయన దూదేకిన విల్లు
నీళ్ల మీద తేలి తేలి గోడకు కొట్టుకునింది.
వరద తీసినాక
ఒక్క పరుపును నలుగురం మోశాం.
అంతవరకు నలుగురు మోసేది ఒకటే అనుకునేవాణ్ణి.

ఆ తర్వాతే ఈ గుంత, గుంతలో ఈ మోటరు.
ఏడాదిలో పది నెలలు దానికి పనే లేదు.
పని లేనిదాన్ని నమ్మేదెట్లా?

మొదటి బిందె పోశాను.
ఫ్లోటు సగం లేచి
తన వైరు తనకే చుట్టుకొని పక్కకు వాలింది.
విడదీశాను. లేచింది.
మోటరు మూలిగింది, నీళ్లు కదల్లేదు.

ప్లగ్గు పీకి, మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
జాలీకి పట్టుకొని ఏదో
నల్లగా, జిగటగా.
కడిగితే దూది.
నా దూదే.
దేన్ని కాపాడమని పెట్టానో
అదే దాని గొంతుకు అడ్డం పడింది.

ఇంకో బిందె కావాల.
ఇంట్లో ఉండేవి తాగే నీళ్లు.
మెట్ల మీద చప్పుడు.
సుంకులమ్మ, చంకలో బిందె,
"బియ్యం కడిగినవి. పొయ్యి. ఒక్క నిమిషం ఆగి పొయ్యి."

ఆగాను.
పైన గేటు కిర్రుమంది.
పోశాను. ఫ్లోటు నిటారుగా లేచింది,
గుంత గుడగుడమని
ఒక్క గుక్కలో అడుగు తేలింది.

"పడతాండాయి మౌలాలీ!"
వీధిలో, పైపు మూతి కింద,
ఖాళీ బిందె నిండుతున్న చప్పుడు.
వేపమొక్కకు పోస్తుందట.

మోటరు ఆగింది.
పైపుకు చెవి ఆనించాను.
పోయిన నీళ్లు వెనక్కి దిగడం లేదు.

వానొస్తే ముందు పోయేది కరెంటు.
ఇన్వర్టరు సంగతి రేపు.