ఖుష్క్‌తర్

దేవరకొండ ఖిల్లా మీదికి పొద్దెక్కకముందే
జహీరుద్దీన్ సాబ్ అరుగు మీద నా పాఠం.
నేను సర్వే ఆఫీసుల చైన్‌మన్ను.
పాత సేత్వార్ కాగితాలల్ల
చీమలు బారినట్టుండే ఆ రాత
ఒక్కసారన్న నా కండ్లతోని చదవాలని
యాభై రెండో యేట పలక పట్టిన.

"మాటకు తోక పెడితే చాలు ఈదయ్యా,
అదే పెరుగుతది."
బులంద్, బులంద్‌తర్.
గర్మ్, గర్మ్‌తర్. చాయ్ గ్లాసు ముట్టి చూపిస్తడు.
మన తెలుగుల మాట పెరగదు,
పక్కోన్ని తెచ్చి నిలబెట్టి 'కంటె' అంటం.

ఇయ్యాల రాసిచ్చింది ఇది:
ఈన్ జమీన్ అజ్ ఆన్ జమీన్ ఖుష్క్‌తర్ అస్త్.
ఈ భూమి ఆ భూమి కంటె ఎండింది.
వరస మనదే. ఆ 'అస్త్' గూడ
అందరు కూసున్నంకనే వస్తది,
పంచాయితికి పెద్దమనిషి వచ్చినట్టు.
'అజ్' ఒక్కటే ముందటికి దుంకింది.
అజ్ అంటే 'నుంచి' అన్నడు సాబ్.
నవ్వొచ్చింది నాకు.
ముప్పై యేండ్ల సంది నేను చేసేది గదే,
ఒక రాయి నుంచి గొలుసు గుంజుడు.

"సాబ్, తర్ అంటే తడి గాదా?
పహాణీల తరి, ఖుష్కి అని రెండుంటయి గద."
సాబ్ అద్దాలు తీసి తుడుసుకున్నడు.
"ఆ తర్ వేరు, ఈ తర్ వేరు. కలపకు."

కలపకుంటె ఎట్ల?
ఎండిన మాటకు తడి అతికితే
అది ఇంక ఎక్కువ ఎండుతదట.
చందంపేట దిక్కు గట్లనే అయితది:
మొగులు కిందికి దించి, నాలుగు చినుకులు రాల్చి,
ఇత్తులు ఏపిచ్చి
ఎల్లిపోతది వాన.

"తరీన్ ఎప్పుడు చెప్తవ్ సాబ్?"
"అన్నిటికంటె అనాలంటె
అన్నిటిని చూసి రావాలె ముందు.
నువ్వు తిరిగింది ఒక్క తాలూకనే."

పన్నెండింటికి తండాల కొలత.
దస్లి గట్టు మీద నిలబడి అడిగింది:
నాది తక్కువొచ్చిందా,
మా మరిదిది ఎక్కువొచ్చిందా?
అజ్, అన్న నోరు జారి.
ఏందన్నది.
దేని నుంచి కొలవమంటవ్ అక్కా, అన్న.

చెప్పుల్లేని కాలితోని మట్టి తన్ని
సగం కూరుకపోయిన రాయి చూపించింది.
మరిది ఇంకో రాయి చూపించిండు.
గొలుసు పట్టుకొని అందరం నిలబడ్డం.
పెద్దమనిషి
ఇంక రాలె.