నాలుగో మూల

ఎనిమిది ఉండాలి.
పార్శీగుట్ట గది ఖాళీచేసి వారాసిగూడకి వచ్చి
సీసా కుమ్మరిస్తే
ఏడు బోల్టులు.
ఎనిమిదోది ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రాలీ దిగిపోయిందో.

మంచం విప్పిన ప్రతిసారీ
వాటిని హార్లిక్స్ సీసాలో వేసి, మూత బిగించి
ఒళ్లో పెట్టుకుని కూచునేది సువార్త.
ఆ రోజు తనకి నైట్ డ్యూటీ. సీసా నా చేతికిచ్చింది.
అంతకు మించి నన్నేమీ అడక్కండి.

మూడు మూలలు నిలబడ్డాయి.
నాలుగోదాంట్లో ఒంటి బోల్టు,
పట్టె కింద రెండు ఇటుకలు, ఇటుకల మీద పోయినేడాది డైరీ.
ఆమె పగలు పడుకుంటుంది, గాంధీ ఆసుపత్రి నుంచి వచ్చి.
నేను రాత్రి, ప్రెస్సు నుంచి వచ్చి.
మేం మారుతుంటాం. మంచం మాత్రం డ్యూటీ దిగదు.
అటు ఒత్తిగిలితే కిర్రు,
ఇటు ఒత్తిగిలితే కిర్రు.
"ఇరవైనాలుగ్గంటలూ మీ ఇంట్ల ఎవలో ఒకలు మసులుతనే ఉంటరేంది"
అని కింది వాటా యాదమ్మ మెట్ల దగ్గర ఆపి అడిగింది.

ఏడింటిలో ఒకదాన్ని జేబులో వేసుకుని రాణీగంజ్ వెళ్లాను.
దుకాణం కాదు, సందు. రెండు వైపులా కప్పుదాకా అట్టపెట్టెలు.
తాహెర్ భాయి టోపీ సర్దుకుని
బోల్టుకి కొత్త నట్టు ఎక్కించి చూశాడు.
ఒకటిన్నర చుట్టు తిరిగి, అలిగినట్టు ఆగింది.
"చూడీ వేరే ఉంది సాబ్. మూడు సూత్, పాతకాలంది.
ఇప్పుడంతా ఎమ్మెమ్."
చూడీ అంటే లాడ్‌బజార్‌లో గాజు,
ఇక్కడ మర.
కొలత తప్పితే రెండూ ఎక్కవు.
ఎల్ పట్టీలు చూపించాడు, కొక్కేలు చూపించాడు,
నాలుగు స్క్రూలు దిగ్గొట్టి మర్చిపొమ్మన్నాడు.

మర్చిపోవచ్చు. ఉమాపతిచారి ఒప్పుకోడు.
మెట్టుగూడ కార్ఖానాలో ఈ మంచం చేసిన రోజు
కోడుకీ పట్టెకీ ఎదురెదురుగా ఉలితో గాట్లు పెట్టాడు.
ఒకటో మూలకి ఒకటి, రెండోదానికి రెండు,
నాలుగోదానికి నాలుగు, అందులో ఒకటి వంకర.
అప్పుడే ఎవరో చాయ్ తెచ్చారు.
"జిగురు వెడితె మంచిగనే ఉంటది.
ఇల్లు మారిననాడు గొడ్డలి గావాలె.
కిరాయిండ్లల్ల ఉండేటోళ్లకు
ఇప్పుకొచ్చేదే మంచం."
ఆయన పోయి నాలుగేళ్లు.

గురువారం ఆమెకి సెలవు. నేను సగం రోజు ఎగ్గొట్టాను.
జుమ్మేరాత్ బజార్‌లో నేల మీద గోనెసంచి,
సంచి మీద ఇనుము గుట్ట.
తాళాలు పోయిన చెవులు,
ఏ తలుపువో తెలియని గడియలు,
ఒక కుట్టుమిషను కాలు.
నేను కళ్లతో వెతికాను.
సువార్త గొంతుక్కూచుని, కళ్లు మూసుకుని
బొటనవేలితో మరల్ని తడుముతూ పోయింది,
ముసలివాళ్ల ముంజేతిలో నరం వెతికినట్టు.
వందో, నూటపదో దగ్గర వేలు ఆగింది.
"ఇదిగో."
ఇరవై అన్నాడు వాడు. పదిహేనుకి వచ్చాడు.

కొబ్బరినూనెతో తుప్పు తుడిచి
పట్టె నాలుకని కోడు బెజ్జంలోకి దూర్చి
గాట్లకి గాట్లు కలిపి పానా తిప్పాను.
లోపలెక్కడో చీకట్లో నట్టు కరుచుకుంది,
అది చేతికి తెలుస్తుంది, చెవికి తెలీదు.
ఇంకో చుట్టు వెయ్యబోతే
"చాలు, వానలకి చెక్క ఉబ్బుద్ది" అని మణికట్టు పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకేసారి పడుకున్నాం.
కిర్రు లేదు.
నిద్రా రాలేదు.
కాసేపటికి తను మడమతో పట్టెని ఒకసారి తన్ని చూసింది.
ఊహూఁ.

ఇటుకలు నీళ్ల డ్రమ్ము కిందికి వెళ్లాయి.
ఖాళీ సీసా కడిగి పంచదార పోస్తానంటే
వద్దంది.
ఇల్లుగలాయన జూన్ దాకే అన్నాడు.